బడి పిల్లల టీకాలు, పంచాయతీ తీర్మానాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ జిల్లా దేవరకొండ, చందంపేట ప్రాంతాల్లో ఉపాధ్యాయునిగా, తరువాత ప్రధానోపాధ్యాయునిగా పనిచేసిన కాలంలో బడి వరండాలో టీకాల శిబిరాలు ఎన్నో చూశాను. పదవీ విరమణ తరువాత కూడా సర్పంచులు, వార్డు సభ్యులు, తల్లిదండ్రులు ఈ విషయం మీద నన్ను అడుగుతూనే ఉన్నారు. "బడిలో టీకా తప్పనిసరి అంటున్నారు, మన పంచాయతీ వద్దని తీర్మానం చేస్తే ఆగుతుందా?" అన్నదే ఆ ప్రశ్నలన్నిటి సారాంశం. వారికి నోటితో చెప్పిన సమాధానాలను ఇక్కడ కాగితం మీద పెడుతున్నాను. టీకాల వల్ల మేలు జరుగుతుందని నేను నమ్ముతాను. తల్లిదండ్రులకు చెప్పకుండా పిల్లలకు సూది వేయడం తప్పని కూడా అంతే గట్టిగా నమ్ముతాను.

మన దగ్గర బడిలో చేరాలంటే టీకాలు వేయించి ఉండడం తప్పనిసరా?

కాదు. సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985 నుంచి దేశంలో నడుస్తున్నది. ఆ టీకాలను ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, వేయించుకోమని ప్రోత్సహిస్తుంది, ఆశ కార్యకర్తను ఇంటికి పంపి గుర్తు చేయిస్తుంది. అంతేగాని వేయించుకోని బిడ్డను బడి నుంచి తొలగించాలని ఆ కార్యక్రమంలో ఎక్కడా లేదు. 2009 నాటి విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చింది. వయసు ధ్రువీకరణ పత్రం లేదన్న కారణంతో కూడా ప్రవేశం నిరాకరించరాదని అదే చట్టం చెబుతున్నది. నిర్బంధమన్నది చదువు విషయంలో ఉన్నది, టీకా విషయంలో లేదు.

అలాంటప్పుడు ఊళ్లో అందరూ "తప్పనిసరి" అని ఎందుకు అనుకుంటున్నారు?

ఆ మాట చట్టం నుంచి రాలేదు, మనం పనిచేసే తీరు నుంచి వచ్చింది. ఫలానా తేదీలోగా ఇంతమంది పిల్లలకు వేయాలని పై నుంచి లక్ష్యం వస్తుంది. అది మండల స్థాయికి వచ్చేసరికి ఆదేశంగా, బడికి వచ్చేసరికి హెచ్చరికగా మారుతుంది. "రేపు అందరూ రావాలి, రానివారి పేరు రాసి పంపుతాం" అని తరగతిలో ఒక మాట అంటే చాలు, సాయంత్రానికి తండా అంతా అది నిర్బంధమైపోతుంది. ఆ మాట నేను కూడా తొలి రోజుల్లో అన్నాను. హాజరు పెరిగిన మాట నిజమే గాని, మరుసటి ఏడాది టీకా రోజున బడికే రాని పిల్లల సంఖ్య కూడా పెరిగింది.

టీకాలను నిర్బంధం చేసిన చట్టం మన దేశంలో ఎన్నడూ లేదా?

ఉండేది. బ్రిటిష్ వారి కాలంలో 1880లో మశూచి టీకా కోసం ఒక చట్టం చేశారు. మశూచి పోయిన తరువాత దాని అవసరం తీరిపోయింది. 1897 నాటి అంటువ్యాధుల చట్టం వ్యాధి ప్రబలినప్పుడు ప్రత్యేక చర్యలు తీసుకునే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇస్తుంది. అది ఆపత్కాలానికి ఉద్దేశించినది, ఏటేటా బడిలో వేసే టీకాలకు ఉద్దేశించినది కాదు.

పిల్లలకు బడిలో టీకాలు వేయరాదని గ్రామ పంచాయతీ తీర్మానం చేయవచ్చా?

తీర్మాన పుస్తకంలో రాయడానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఆ రాతకు బలం ఎంత అన్నదే ప్రశ్న. రాజ్యాంగంలో ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలోని విషయం. 73వ సవరణ ద్వారా చేరిన పదకొండో షెడ్యూలులోని 29 అంశాలలో ఆరోగ్యం, పారిశుధ్యం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ప్రాథమిక, మాధ్యమిక విద్య ఉన్న మాట వాస్తవం. అయితే రాష్ట్రం తన చట్టం ద్వారా అప్పగించిన మేరకే ఆ అంశాల మీద పంచాయతీకి అధికారం వస్తుంది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 పంచాయతీకి పారిశుధ్యం, తాగునీరు, అంటువ్యాధుల నివారణ వంటి బాధ్యతలను ఇచ్చింది. రాష్ట్ర ఆరోగ్య కార్యక్రమాన్ని ఊరి పొలిమేర దగ్గర ఆపే అధికారాన్ని ఇవ్వలేదు. పరిధి దాటిన తీర్మానాన్ని నిలిపివేసే, రద్దు చేసే ఏర్పాటు కూడా ఆ చట్టంలోనే ఉన్నది.

చట్టం సంగతి పక్కన పెట్టి చూసినా నాకు ఇందులో ఇంకొక పెద్ద అభ్యంతరం ఉన్నది. బిడ్డకు టీకా వేయించాలా వద్దా అన్నది తల్లిదండ్రుల నిర్ణయం. ఆ నిర్ణయాన్ని ప్రభుత్వ అధికారి వారి చేతుల్లోంచి లాక్కుంటే అన్యాయమని మనం అంటున్నాం కదా. అదే నిర్ణయాన్ని పంచాయతీ లాక్కుంటే న్యాయం ఎలా అవుతుంది? ఊళ్లో 300 మంది పిల్లలు ఉంటే, 300 ఇళ్ల తరఫున "వద్దు" అని సంతకం పెట్టే హక్కు సర్పంచ్‌కు ఎవరిచ్చారు? వేయించుకుంటామనే తల్లి బిడ్డను ఎత్తుకుని పక్క ఊరి సబ్ సెంటర్‌కు నడవాల్సి వస్తే, ఆ నడకకు కారణం పంచాయతీయే అవుతుంది.

మరి పంచాయతీ నోరు మూసుకుని ఉండాలా?

ఎంతమాత్రం వద్దు. నిర్బంధాన్ని ప్రశ్నించడం పంచాయతీ పనే. ముందుగా సమాచారం ఇవ్వాలని, రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని, వైద్యాధికారి గ్రామసభకు వచ్చి సమాధానం చెప్పాలని అడగవచ్చు, అడగాలి. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి, నడుములు వంగిన మనుషులను కళ్లారా చూసిన నల్లగొండ పల్లెలు అధికారుల మాటను ఊరికే నమ్మాలని నేను అనను. అడిగి తెలుసుకునే ఊరికి, తలుపు మూసే ఊరికి తేడా ఉన్నదని మాత్రమే చెబుతున్నాను.

"ఖమ్మంలో ఆడపిల్లల మీద ప్రయోగం చేశారు, మన పిల్లల మీద కూడా చేస్తారు" అని గ్రామసభలో అన్నారు. నిజమేనా?

ఈ ప్రశ్నకు వివరంగా జవాబు చెప్పాలి. ఇందులో నిజం ఉన్నది, నిజానికి అతుక్కున్న వదంతి కూడా ఉన్నది.

2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా మీద ఒక అధ్యయనం చేపట్టాయి. ఖమ్మంలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల వయసున్న సుమారు 14,000 మంది బాలికలకు టీకా వేశారు. వారిలో చాలామంది గిరిజన సంక్షేమ వసతి గృహాల్లో ఉండి చదువుకునేవారు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ అధ్యయనాన్ని ఆపించింది.

మరణాల మీద విచారణ జరిగింది. ఒకరు నీళ్లలో మునిగి, ఒకరు పాముకాటుతో, ఇద్దరు పురుగుల మందు తాగి చనిపోయినట్లు తేలింది. మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు ఆధారం దొరకలేదు. కాబట్టి "టీకా వేస్తే చనిపోయారు" అన్న మాటకు ఆధారం లేదు.

సమ్మతి విషయంలో జరిగిన తప్పు మాత్రం రుజువైంది. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదిక దానిని తీవ్రంగా ఖండించింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 1,948 పత్రాల మీద వేలిముద్రలు ఉండగా, 2,763 పత్రాల మీద వసతి గృహాల వార్డెన్లే సంతకాలు పెట్టారు. అన్నం పెట్టే వార్డెన్‌కు ఆ బిడ్డ శరీరం మీద సంతకం పెట్టే హక్కు లేదు. భద్రాచలం వైపు తల్లులు తమ బిడ్డకు ఏ టీకా వేశారో, ఎందుకు వేశారో తరువాత ఎవరో చెబితే తెలుసుకోవలసి వచ్చింది. ఆ గాయం మానలేదు. హెచ్‌పీవీ పేరు ఎత్తగానే మన పక్కన సూర్యాపేట వైపు ఊళ్లలో ఇప్పటికీ చెవులు నిక్కబొడుచుకోవడానికి కారణం అదే.

ఖమ్మం నుంచి "టీకా వద్దు" అన్న ముగింపుకు రావడం సరికాదని నా అభిప్రాయం. అక్కడ వార్డెన్ అందరి తరఫున "సరే" అన్నాడు. వద్దని తీర్మానం చేసే పంచాయతీ అందరి తరఫున "కాదు" అంటుంది. రెండు చోట్లా తల్లిని ఎవరూ అడగలేదు.

సుప్రీంకోర్టు టీకా వేయించుకోనక్కరలేదని చెప్పిందంటున్నారు. అది బడికి కూడా వర్తిస్తుందా?

2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అది కోవిడ్ టీకాల గురించిన కేసు. రాజ్యాంగం 21వ అధికరణం కింద మనిషికి తన శరీరం మీద హక్కు ఉన్నదని, ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని కోర్టు స్పష్టం చేసింది. ఆ వాక్యాన్ని మాత్రమే పట్టుకుని ఊళ్లో తిప్పుతున్నారు. అదే తీర్పులో, ప్రజారోగ్యం కోసం వ్యక్తుల హక్కుల మీద ప్రభుత్వం కొన్ని పరిమితులు పెట్టవచ్చునని, అవి చట్టబద్ధంగా, అవసరానికి తగినట్లుగా, మితంగా ఉన్నాయా అన్నది కోర్టులు పరిశీలిస్తాయని కూడా ఉన్నది. ప్రభుత్వ టీకా విధానాన్ని కోర్టు తప్పుపట్టలేదు.

బడి పిల్లలకు దగ్గరగా ఉన్న తీర్పు ఢిల్లీ హైకోర్టుది. తట్టు, రుబెల్లా టీకా వేయడానికి తల్లిదండ్రుల సమ్మతి అవసరం లేదన్న ఢిల్లీ ప్రభుత్వ వైఖరిని 2019 జనవరిలో ఆ కోర్టు అంగీకరించలేదు. దుష్ప్రభావాల గురించి, ఎవరికి వేయరాదన్న విషయం గురించి కూడా తల్లిదండ్రులకు తెలియజేయాలన్నది. టీకా కార్యక్రమం వద్దని మాత్రం అనలేదు.

వేరే దేశాల్లో స్థానిక ప్రభుత్వాలు ఇలా ఎదిరించాయా?

ఎదిరించాయి, ఫలితాలు కూడా మన ముందు ఉన్నాయి. ఇంగ్లాండులో పసిపిల్లలకు మశూచి టీకాను 1853లో నిర్బంధం చేశారు. వేయించని తల్లిదండ్రులకు జరిమానాలు, జైలు శిక్షలు కూడా పడ్డాయి. లెస్టర్ పట్టణంలో 1885 మార్చిలో పెద్ద ఊరేగింపు జరిగింది. ఆ తరువాత ఎన్నికైన స్థానిక పాలకులు కేసులు పెట్టడం మానేశారు. చివరకు 1898లో, మనస్సాక్షి ఒప్పుకోని తల్లిదండ్రులకు మినహాయింపునిస్తూ చట్టం మారింది. లెస్టర్ గురించి ఒక విషయాన్ని చాలామంది చెప్పరు. ఆ పట్టణం టీకా వద్దని చేతులు కట్టుకుని కూర్చోలేదు. రోగి కనబడగానే సమాచారం ఇవ్వడం, విడిగా ఉంచడం, ఇంటిని శుభ్రపరచడం, రోగికి సేవ చేసే సిబ్బందికి టీకా వేయడం అన్నీ పకడ్బందీగా చేసింది. మన పంచాయతీలో ఒక్క పారిశుధ్య కార్మికుడికి సమయానికి జీతం ఇవ్వలేని పరిస్థితి ఉంటే, లెస్టర్ పేరు ఎత్తడానికి ముందు ఆలోచించాలి.

ఇటీవలిది ఇటలీ అనుభవం. 2017లో ఆ దేశం 16 ఏళ్ల లోపు పిల్లలకు పది టీకాలను తప్పనిసరి చేసింది. టీకాలు లేని ఆరేళ్ల లోపు పిల్లలకు శిశువిహారాల్లో ప్రవేశం లేదన్నది. అంతకంటే పెద్ద పిల్లలను బడి నుంచి తీసివేయకుండా తల్లిదండ్రులకు జరిమానా పెట్టింది. వెనెటో ప్రాంతీయ ప్రభుత్వం 2007లోనే నిర్బంధాన్ని ఎత్తివేసి, నచ్చజెప్పి వేయించే పద్ధతిని నడుపుతున్నందున, ఈ చట్టం తన అధికారంలో జోక్యమని రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. 2018 జనవరిలో వెలువడిన తీర్పు ఆ వాదనను తోసిపుచ్చింది. దేశమంతటా ఒకే నియమం ఉండాలని, టీకాలు తగ్గిపోయిన పరిస్థితిలో నిర్బంధం అసమంజసం కాదని న్యాయస్థానం అన్నది. 2017లో ఇటలీలో దాదాపు 5,000 తట్టు కేసులు వచ్చిన సంగతి ఆ తీర్పు వెనుక ఉన్నది. వెనెటో టీకాలను వద్దనలేదు, నచ్చజెప్పడం మీద నమ్మకం ఉంచమన్నది. ఆ వాదన కోర్టులో ఓడినా, నాకు అందులో గౌరవించదగిన ఆలోచన కనబడుతుంది.

ఒక బిడ్డ వేయించుకోకపోతే మిగతా పిల్లలకు ఏమవుతుంది? వేయించుకున్నవారికి రక్షణ ఉన్నది కదా?

ఇది టీకాను బట్టి మారుతుంది. అన్ని టీకాలనూ ఒకే గాట కట్టడం వల్లనే గ్రామసభల్లో చర్చ దారి తప్పుతున్నది.

తట్టు గాలి ద్వారా వ్యాపిస్తుంది. రోగి గది నుంచి వెళ్లిపోయిన తరువాత కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో వైరస్ ఉంటుంది. రక్షణ లేని పదిమంది దగ్గర మసిలితే తొమ్మిదిమందికి సోకుతుంది. దానిని ఊళ్లోకి రాకుండా ఆపాలంటే దాదాపు 95 శాతం మందికి రక్షణ ఉండాలి. తొమ్మిది నెలలు నిండని పసిపిల్లలకు తొలి మోతాదే పడి ఉండదు. రక్తపు క్యాన్సర్‌కు మందులు వాడుతున్న బిడ్డకు ఆ టీకా వేయకూడదు. రెండు మోతాదులు వేయించుకున్నవారిలో కూడా నూటికి ముగ్గురికి రక్షణ రాకపోవచ్చు. వీరందరూ చుట్టూ ఉన్నవారి మీద ఆధారపడి బతుకుతారు. అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాల ఒకే ఆవరణలో ఉండే మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు.

ధనుర్వాతం మనిషి నుంచి మనిషికి సోకదు. మేకు గుచ్చుకున్న బిడ్డకే ప్రమాదం, పక్క బిడ్డకు కాదు. కాబట్టి "ఇతరుల కోసం" అన్న వాదన దానికి చెల్లదు. అయితే 10, 16 ఏళ్ల వయసులో బడిలో వేసే టీడీ సూదిలో ధనుర్వాతంతో పాటు కంఠసర్పి (డిఫ్తీరియా) టీకా కూడా ఉన్నది, కంఠసర్పి సోకుతుంది. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి కంఠసర్పితో పిల్లలు చేరడం పాతకాలపు మాట కాదు. గొంతులో బూడిద రంగు పొర కట్టి ఊపిరి అందని బిడ్డను చూసినవారు మళ్లీ "ఆ రోగాలు ఇప్పుడెక్కడివి" అని అనరు.

టీకా వేసిన తరువాత బిడ్డకు ఏమైనా అయితే బాధ్యత ఎవరిది?

వేసిన చోట కొంచెం నొప్పి, ఒకటి రెండు రోజుల జ్వరం మామూలే. తీవ్రమైన ప్రతిచర్య చాలా అరుదు. వస్తే ఎక్కువగా తొలి నిమిషాల్లోనే వస్తుంది గనుక అరగంట పాటు అక్కడే కూర్చోబెట్టాలి. ఈ అరగంట నియమాన్ని ఉల్లంఘించి పిల్లలను వెంటనే తరగతికి పంపడం నేను చూశాను, అది నేరంతో సమానమని నా భావన. ఏ ఇబ్బంది వచ్చినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి నమోదు చేసి జిల్లా కమిటీకి పంపాలి.

మనుషుల పొరపాటు వల్ల ప్రమాదం జరగదని నేను చెప్పను. 2019 మార్చిలో హైదరాబాద్‌లోని ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకా తరువాత జ్వరానికి ఇవ్వాల్సిన మాత్రకు బదులు వేరే నొప్పి మాత్ర ఇవ్వడంతో పసిపిల్లలు చనిపోయారు. తప్పు టీకాది కాదు, కాని బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ తేడా ఏం ఓదార్పునిస్తుంది? అందుకే సీసా మీద తేదీని చూపించమని, ఇచ్చే మాత్ర పేరును చదివి వినిపించమని అడిగే హక్కు ప్రతి తల్లికీ ఉండాలి. తట్టు టీకా సీసాను కలిపిన తరువాత నాలుగు గంటలు దాటితే వాడకూడదు. ఎప్పుడు కలిపారో సీసా మీద రాసి ఉన్నదా అని వార్డు సభ్యులు వెళ్లి చూడవచ్చు.

సమ్మతి చీటీ అంటే సంతకమే కదా, అంత ప్రాధాన్యం ఎందుకు?

2017 ఆగస్టులో తెలంగాణలో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైంది. తొమ్మిది నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ వేశారు. నేను ఎరిగిన ఒక బడిలో చీటీలు బీరువాలోనే ఉండిపోయాయి. టీకాలు అయిపోయిన మరునాడు వాటిని పిల్లలకు పంచి సంతకాలు చేయించుకుని రమ్మన్నారు. ఎడమ బొటనవేలి గోరు మీద సిరా గుర్తుతో ఇల్లు చేరిన బిడ్డను చూసిన తరువాత ఏ తండ్రి ఆ చీటీని నమ్ముతాడు?

మా బడిలో చదువు రాని తల్లులకు చీటీ చదివి వినిపించాలని నిర్ణయించుకున్నాం. తండా నుంచి వచ్చిన ఒక తల్లి అంతా విని, వేలిముద్ర వేయబోతూ ఆగి, "సారూ, నా బిడ్డకు రాత్రి ఒళ్లు కాలింది. ఇయ్యాలనే ఎయ్యాల్నా?" అని అడిగింది. ఏఎన్ఎం మంచు పెట్టె మూత మూసి వచ్చి, పిల్ల నుదురు మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం ఎక్కువగానే ఉన్నది. వచ్చే బుధవారం వేద్దామని చెప్పి, పేరు పక్కన ఆ తేదీ రాసుకుంది. బుధవారం ఆ తల్లి తనంతట తానే పిల్లను తీసుకుని వచ్చింది. ఆ ప్రశ్న అడిగే చోటు కల్పించడం కోసమే సమ్మతి చీటీ.

తల్లిదండ్రులు వలస వెళ్లారు. ముసలమ్మ దగ్గర ఉన్న పిల్లలకు ఎవరు సంతకం పెట్టాలి?

పాలమూరు పల్లెల్లో ఇది అన్నిటికంటే పెద్ద చిక్కు. తల్లిదండ్రులు ముంబై, పుణె పనులకు పోతారు, పిల్లలు నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉంటారు. ముందుగా ఫోన్లో తల్లితోనో తండ్రితోనో మాట్లాడించి, మాట్లాడిన తేదీ, సమయం చీటీ మీద రాసి, పెద్దామె చేత వేలిముద్ర వేయించడం ఉత్తమం. ఉపాధ్యాయుడు మాత్రం ఎన్నటికీ సంతకం పెట్టరాదు. తల్లిదండ్రులతో పాటు వెళ్లి తిరిగి వచ్చిన పిల్లల కార్డు పోయి ఉంటే కంగారు పడనక్కరలేదు. టీకాల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ యూ-విన్‌లో నమోదై ఉంటే వివరాలు ఏ రాష్ట్రం నుంచైనా దొరుకుతాయి. లేకపోతే వయసును బట్టి మిగిలిన మోతాదులను వైద్యాధికారి నిర్ణయిస్తారు.

వద్దన్న తల్లిదండ్రుల పిల్లలను బడిలో వేరుగా చూడవచ్చా?

చూడరాదు. పేరు బోర్డు మీద రాయడం, వెనక బెంచీలో కూర్చోబెట్టడం, మధ్యాహ్న భోజనం దగ్గర మాట అనడం ఏవీ చేయరాదు. ఊళ్లో తట్టు సోకిన కేసు బయటపడితే, రక్షణ లేని పిల్లలను కొన్నాళ్లు ఇంటి వద్ద ఉంచమని వైద్యాధికారి సలహా ఇవ్వవచ్చు. అది శిక్ష కాదని, ఆ బిడ్డ క్షేమం కోసమేనని ఇంటికి వెళ్లి చెప్పాలి.

మా పంచాయతీ ఇప్పటికే "టీకాలు వద్దు" అని తీర్మానించింది. ఇప్పుడేం చేయాలి?

తరువాతి సమావేశంలో దానిని సవరించుకోండి. అందులో నామోషీ లేదు. అడిగినవారికి నేను రాసిచ్చిన తీర్మానం పాఠం ఇది, మీ ఊరికి తగినట్లు మార్చుకోవచ్చు:

"మా గ్రామంలోని పాఠశాలల్లో పిల్లలకు ఏ టీకా వేయదలచినా, కనీసం ఏడు రోజుల ముందు టీకా పేరు, ఉద్దేశం, రాగల ఇబ్బందులు, ఎవరికి వేయరాదు అన్న వివరాలను తెలుగులో రాసి పాఠశాల వద్ద, పంచాయతీ కార్యాలయం వద్ద అతికించాలని, తండాల్లో లంబాడీ భాషలో చెప్పించాలని, వైద్యాధికారి గ్రామసభకు హాజరై ప్రశ్నలకు సమాధానం ఇవ్వాలని కోరుతున్నాము. తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి లేనిదే టీకా వేయరాదని, సమ్మతి ఇవ్వని వారి పిల్లల చదువుకు ఎట్టి ఆటంకం కలగరాదని, సమ్మతి ఇచ్చిన వారి పిల్లలకు టీకా అందకుండా ఎవరూ అడ్డుపడరాదని తీర్మానించడమైనది. టీకా రోజున నీడ, తాగునీరు, అరగంట కూర్చోవడానికి చోటు, అవసరమైతే దవాఖానకు తీసుకువెళ్లడానికి వాహనం పంచాయతీ ఏర్పాటు చేస్తుంది."